బురద టైర్లా? నేల విడిచి సాము!

ముందే చెప్పేస్తున్నా. క్యాంపర్ వ్యానుకి "మడ్ టైర్లు" వేయించుకోవడం దండగ. దండగ మాత్రమే అయితే ఎవరి డబ్బు వాళ్ళిష్టం అని ఊరుకునేవాణ్ణి. అది ప్రమాదం కూడా. వానాకాలంలో ఔటర్ మీద మీ ముందో వెనకో నా బండి కూడా ఉంటుంది కాబట్టి, ఈ విషయంలో నోరు విప్పే హక్కు నాకుందని నా నమ్మకం.

సంగతేమిటంటే, మన సాఫ్ట్‌వేర్ జనాభాలో కొందరికి ఈ మధ్య కొత్త సరదా పట్టుకుంది. పాత టెంపో ట్రావెలరో ఇంకో వ్యానో కొనడం, వెనక సీట్లు పీకించడం, మంచం, స్టవ్వు, నీళ్ళ ట్యాంకు, లిథియం బ్యాటరీ గట్రా పెట్టించడం, శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేసి ఊరవతలికి చెక్కేయడం. మంచి సరదానే, కాదనను. నేనూ ఆ తానులో ముక్కనే. మా నలుగురు స్నేహితులకి కలిపి ఒక వ్యానుంది. శంషాబాద్ దగ్గర ఒక మిత్రుడి ప్లాటులో పడుంటుంది. దాన్ని ఎవరికి చూపించినా అడిగే మొదటి ప్రశ్న, "మడ్ టైర్లు వేయించలేదా?" అని. "మరి బురదలో దిగబడితే?" అన్నది రెండోది. బ్రేకులు ఎలా ఉన్నాయని గానీ, టైర్లు ఏ సంవత్సరానివని గానీ ఇంతవరకు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

శంషాబాద్ చుట్టుపక్కల ఒక టైర్ల షాపులో కూడా ఇదే పాట. సైజు చెప్పగానే అతగాడు ఇంత లావు దిమ్మలున్న టైరొకటి దొర్లించుకొచ్చి, "ఇది వేస్కోండి సార్, చెరువులోంచైనా బయటికొచ్చేస్తది" అన్నాడు. బండి మొత్తం బరువెంత, వెనక ఇరుసు మీద ఎంత పడుతుంది, నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఏ రోడ్డు మీద తిరుగుతుంది... ఒక్కటీ అడగలేదు. రిక్వైర్‌మెంట్స్ అడక్కుండా సొల్యూషన్ అమ్మేవాణ్ణి మనం ఆఫీసులో అయితే మీటింగ్ రూంలోంచి బయటికి పంపిస్తాం. టైర్ల షాపులో మాత్రం అదే మనిషి ముందు బుద్ధిగా కార్డు తీసి గీకేస్తాం. ఎందుకంటారు?

సరే, మనమే రిక్వైర్‌మెంట్స్ రాసుకుందాం.

శంషాబాద్ నుంచి అనంతగిరి కొండలకి వెళ్ళాలంటే 70 కిలోమీటర్ల చిల్లర. అందులో చివరి ఫర్లాంగో, మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లో మట్టి బాట. అది బురదయ్యేది ఏడాదిలో నాలుగు నెలలు. తుక్కుగూడ మీదుగా శ్రీశైలం రోడ్డెక్కితే సుమారు 200 కిలోమీటర్లు, అంతా తారే. బెంగుళూరు హైవే సంగతి చెప్పక్కర్లేదు. అంటే మన వ్యాను బతుకంతా తారు రోడ్డు మీదే గడుస్తుంది. బురద అనేది ఎడ్జ్ కేసు. రోజూ వచ్చే ట్రాఫిక్‌ని గాలికొదిలేసి, ఏడాదికి నాలుగుసార్లు వచ్చే ఎడ్జ్ కేసు కోసం సిస్టం మొత్తం తిరగరాసేవాణ్ణి మనం ఏమంటాం? ప్రొడక్షన్ ముఖం చూడనివాడు అంటాం. ఇదీ అంతే.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి, "ఎడ్జ్ కేసులోనే కదయ్యా సిస్టం కూలేది" అంటాడు. నిజమే. కానీ బురదలో దిగబడితే పోయేది ఒక పూట, ఒక జత బూట్లు, కొంచెం పరువు. తడిసిన తారు మీద 90లో బ్రేకు పడకపోతే పోయేదేమిటో నేను రాయక్కర్లేదు. రెండు ఫెయిల్యూర్లూ ఒకటి కావు.

అసలు ఈ మడ్ టైరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. దాని మీద పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలుంటాయి, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలుంటాయి. దిమ్మలు మెత్తటి మట్టిలోకి దిగి దాన్ని వెనక్కి తోస్తాయి. చక్రం తిరుగుతుంటే ఖాళీల్లో ఇరుక్కున్న మట్టి బయటికి ఎగిరిపోవాలి, అప్పుడే తర్వాతి చుట్టులో దిమ్మకి మళ్ళీ పట్టు దొరుకుతుంది. ఇంతే కిటుకు. ఖాళీ ఎంత ఎక్కువుంటే బురదలో అంత మంచిది.

ఆ ఖాళీయే తారు మీద శత్రువు. తారు మీద పట్టు రబ్బరు రోడ్డుని తాకడం వల్ల వస్తుంది. రబ్బరు తగ్గి ఖాళీ పెరిగితే తాకేది తగ్గుతుంది. పైగా ఎత్తయిన దిమ్మలు బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగేటప్పుడూ అటూ ఇటూ ఊగుతాయి. రాళ్ళకీ ముళ్ళకీ తెగకుండా ఉండాలని రబ్బరు కూడా మొండిగా చేస్తారు. ఇవన్నీ కలిసి తడి రోడ్డు మీద బ్రేకు దూరాన్ని పెంచుతాయి. మోత, డీజిలు ఖర్చు అదనం.

ఇది నా సొంత కవిత్వం కాదు. టైర్ల మీద ఐక్యరాజ్యసమితి నిబంధన ఒకటుంది, నంబరు 117. అందులో "ప్రొఫెషనల్ ఆఫ్ రోడ్" టైరంటే ఏమిటో నిర్వచించారు. మన వ్యాన్ల తరగతికి గాడి లోతు కనీసం 11 మిల్లీమీటర్లు, ట్రెడ్డులో ఖాళీ కనీసం 35 శాతం, వేగం రేటింగు "క్యూ" అంటే గంటకి 160 మించకూడదు. యూరప్‌లో ప్రతి టైరుకీ తడి రోడ్డు పట్టు, ఇంధనం, మోతలకి గ్రేడు లేబుల్ అంటిస్తారు కదా, ఆ లేబుల్ ఈ రకం టైర్లకి వర్తించదు. వాటి పని వేరు, వాటిని వాడే మనుషులు వేరు అని అక్కడి చట్టమే ఒప్పుకుంది. మనం మాత్రం వాటిని గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆపుకుని మురిసిపోవాలి!

మన దేశంలో కూడా ఇప్పుడు లెక్కలున్నాయి. ఏఐఎస్-142 అని ఒక ప్రమాణం ఉంది. దొర్లే నిరోధం, తడి రోడ్డు మీద పట్టు, మోత అనే మూడింటికీ అది పరిమితులు పెట్టింది. కొత్త డిజైన్లకి 2022 అక్టోబరు నుంచి అమలు. పాత డిజైన్లలో మొదటి రెండింటికీ 2023 ఏప్రిల్ నుంచి, మోతకి అదే ఏడాది జూన్ నుంచి. అంటే తడి రోడ్డు పట్టుకి ఒక పరీక్ష ఉంది, ఒక అంకె ఉంది, పాసూ ఫెయిలూ ఉంది.

మరి బురదలో పట్టుకి? అలాంటి పరీక్షేమీ లేదు. టైరు పక్కన "ఎం ప్లస్ ఎస్" అని ఉంటుంది చూశారా, మడ్ అండ్ స్నో? అది తయారీదారు తనకు తాను వేసుకునే ముద్ర. ఫలానా బురదలో ఇంత లాగింది అని ఎవరూ కొలిచి ఇవ్వరు. మంచుకైతే మూడు శిఖరాల బొమ్మ ఉన్న ముద్ర వేరే ఉంది, దానికి పరీక్ష పెడతారు. బురదకి పెట్టరు, ఎందుకంటే బురద అనేది ఒక పదార్థం కాదు. ఊరికో రకం, గంటకో రకం. బెంచ్‌మార్కే లేని ఫీచర్ కోసం, బెంచ్‌మార్కు ఉన్న ఫీచర్‌ని వదులుకుంటున్నాం. ఇంజనీర్లమట మనం!

ఎలాగూ ఎయిర్‌పోర్టు పక్కన ఉన్నాం కాబట్టి ఒకసారి నెత్తి మీదుగా దిగే విమానాల సంగతి కూడా చూడండి. శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. జడివానలో కూడా దాని మీద విమానాలు దిగుతాయి, ఆగుతాయి. వాటి టైర్ల మీద దిమ్మలూ గుబ్బలూ ఏమీ ఉండవు. చుట్టూ తిరిగే నాలుగైదు సన్నటి గాడులు, అంతే. తడి నేల మీద కావలసింది నీళ్ళు పక్కకి పోవడానికి దారి, మిగతా అంతా నేలని తాకే రబ్బరు, సరైన గాలి. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాల టైర్లలో గాలి 200 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటుంది.

గాలి అన్నాను కాబట్టి ఒక లెక్క. 1960లలో నాసా వాళ్ళు విమాన టైర్లతో ప్రయోగాలు చేసి ఒక సూత్రం తేల్చారు. రోడ్డు మీద నీళ్ళు గాడుల్లో పట్టనంతగా నిలిచి ఉంటే, గాలి ఒత్తిడి (పీఎస్ఐలో) వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే వచ్చే వేగం దగ్గర (గంటకి మైళ్ళలో) టైరు నేలని వదిలేసి నీళ్ళ మీద తేలుతుంది. మా వ్యానుకి వెనక 50 పీఎస్ఐ కొట్టిస్తాం. లెక్క వేస్తే సుమారు 118 కిలోమీటర్లు. అదే టైరులో 30 ఉంటే 91. రోడ్డు టైర్లకి ఈ లెక్క ఉజ్జాయింపు మాత్రమే, అరిగిన టైరు ఇంకా ముందే తేలొచ్చు. కానీ దిశ మాత్రం నిజం: గాలి తగ్గితే తేలే వేగం తగ్గుతుంది.

ఇప్పుడు ఔటర్ గుర్తు తెచ్చుకోండి. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరసలు. 2023లో వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. ఆదివారం సాయంత్రం చేవెళ్ల వైపు నుంచి క్యాంపు ముగించుకుని, బురద కోసం గాలి దించిన టైర్లతోనే అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ ఎక్కి, వానలో వంద మీద పోయే వ్యానుని ఊహించుకోండి. ఆ వ్యానులో వెనక మంచం మీద పిల్లలు పడుకుని ఉంటారు. టైరు ఎంత ఖరీదైనదైనా అప్పుడు ఒరిగేదేం లేదు.

మడ్ టైర్ల అభిమానులకి న్యాయంగా ఒక మాట ఇవ్వాలి. లోతైన గాడుల వల్ల కొత్తలో అవి నిలిచిన నీళ్ళని బాగానే తోసేస్తాయి. కాదనను. కానీ మన రోడ్ల మీద ఎక్కువసార్లు ఎదురయ్యేది నిలిచిన నీళ్ళు కాదు, తొలకరి జల్లుకి దుమ్మూ ఆయిలూ కలిసి జారే పల్చటి తడి. అక్కడ కావలసింది రబ్బరు. ఆ పరీక్షలో మీ దిమ్మలు దండగ.

ఇహ బురద దగ్గరికే వద్దాం. మన బురద ఏమిటో మనకి తెలుసా అసలు?

శంషాబాద్ చుట్టూ ఉన్నది చాలామటుకు గ్రానైటు రాయి చివికి ఏర్పడిన ఎర్ర చెల్క. ఇసుక పాలు ఎక్కువ. వాన వెలిసిన కాసేపటికి నీరు ఇంకిపోతుంది, పైన జారుడుగా ఉన్నా కింద గట్టి. ఇలాంటి చోట మామూలు టైరుతోనే మెల్లగా, తొట్రుపడకుండా వెళ్ళిపోవచ్చు. ఓ రెండు గంటలు ఆగి టీ తాగి బయల్దేరితే ఇంకా మంచిది. ఆ టీ ఖర్చు నాలుగు మడ్ టైర్ల కంటే ఎంత తక్కువో మీరే లెక్కేసుకోండి.

పడమటికి, వికారాబాద్ తాండూరు వైపు పోయేకొద్దీ నల్లరేగడి తగులుతుంది. తాండూరు కంది పండే నేల అది. ఎండితే నెర్రెలు, తడిస్తే జిగురు. నీటిని పీల్చి ఉబ్బే బంకమన్ను. దాంట్లో పది అడుగులు నడిచి చూడండి, మీ చెప్పు ఒక్కోటీ కిలో బరువవుతుంది. టైరుకీ అదే గతి. ఖాళీలన్నీ మట్టితో నిండిపోయి, మీరు వేలు పోసి కొన్న దిమ్మలు నున్నటి ముద్దలాగా మారతాయి. ఆ మట్టి ఎగిరిపోవాలంటే చక్రం జోరుగా తిరగాలి. మూడు టన్నుల వ్యానుతో నల్లరేగడిలో చక్రం జోరుగా తిప్పితే ఇరుసు దాకా గొయ్యి తవ్వుకుంటారు. వెరసి, ఎర్ర నేలలో మడ్ టైరు పెద్దగా అక్కర్లేదు, నల్ల నేలలో ఉన్నా పెద్దగా లాభం లేదు. తడిసిన నల్లరేగడిలోకి వ్యాను దింపకూడదు. అంతే. దానికి టైరు కాదు మందు, బుద్ధి.

"మరి ట్రాక్టరు పోతుందిగా?" అంటారేమో. పోతుంది. ఎందుకు పోతుందో చూడండి. వెనక టైరు మనిషి భుజం దాకా ఉంటుంది. పొలంలో అందులో గాలి కారు టైరులో సగం కూడా ఉండదు. బరువు కోసం చాలామంది ట్యూబుల్లో నీళ్ళు నింపుతారు. గేరు నత్తనడక గేరు. అన్నిటికంటే ముఖ్యం, కాలి కింద డిఫరెన్షియల్ లాక్ పెడలు ఉంటుంది, నొక్కితే రెండు వెనక చక్రాలూ కలిసి తిరుగుతాయి. మన వ్యానుల్లో మామూలుగా అది ఉండదు. ఒక వెనక చక్రం జారిందంటే ఇంజను బలం అంతా జారే చక్రానికే పోతుంది, గట్టి నేల మీద ఉన్న రెండోది చోద్యం చూస్తూ నిలబడుతుంది. ఈ లోపాన్ని ఏ ట్రెడ్డూ పూడ్చలేదు. ఫోర్ వీల్ డ్రైవ్ జీపు మీద తీసిన వీడియో చూసి రెండు చక్రాల వ్యానుకి టైర్లు కొనడం అంటే, పక్కింటివాడి జాతకంతో మనం ముహూర్తం పెట్టుకోవడమే.

రైతుని చూసి ఇంకోటి కూడా నేర్చుకోవాలి. వరి దమ్ముకి ట్రాక్టరుకి ఇనప చక్రాలు తగిలిస్తారు. మా గోదావరి వైపు దమ్ము చక్రాలంటాం, ఇక్కడ కేజ్ వీల్స్ అంటున్నారు. బురదలో వాటిని మించింది లేదు. కానీ వాటితో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుందని అధికారులు బండి పట్టుకుంటారు, జరిమానా రాస్తారు. ఏ చక్రం ఏ నేలకో రైతుకి తెలుసు. పని అయ్యాక విప్పేస్తాడు. దమ్ము చక్రాలతో పెళ్ళికి పోయే రైతుని నేను చూడలేదు. మడ్ టైర్లతో మాల్‌కి పోయే సాఫ్ట్‌వేర్ వాళ్ళని మాత్రం వారానికి ఇద్దర్ని చూస్తున్నా.

నిజమైన బురద టైర్లు మన దగ్గరే తయారవుతున్నాయి కూడా. అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ళ ఆఫ్-హైవే టైర్ల ఫ్యాక్టరీ 2022 ఆగస్టులో మొదలైంది. పొలాల్లో, గనుల్లో, నిర్మాణాల దగ్గర తిరిగే బళ్ళకి ఆ టైర్లు. అవి ఎలా ఉంటాయో చూస్తే, షాపువాడు మనకి అంటగట్టేది ఎంత మొహమాటపు బురద టైరో అర్థమవుతుంది. అది పొలానికీ చాలదు, హైవేకీ సరిపోదు.

తిట్టడం అయింది, మరేం చెయ్యాలో కూడా చెప్పాలి కదా. ఊరికే విమర్శించి పోయే బాపతు కాదు నేను.

మొదటిది, బరువు. వ్యానుని నీళ్ళు, గ్యాసు, సామాన్లు, మనుషులతో సహా ధర్మకాంటా మీదికి ఎక్కించండి. ముందు వెనక ఇరుసులు విడివిడిగా తూయించండి. బెంగుళూరు హైవే పొడుగునా ఉన్నాయి, పది నిమిషాల పని. మంచం కింద ట్యాంకు, వెనక డిక్కీలో బ్యాటరీ పెట్టేసరికి వెనక ఇరుసు మీద ఎంత పడుతుందో చూసి చాలామంది గుడ్లు తేలేస్తారు. వెనక రెండే చక్రాలుండి ఇరుసు మీద 2,000 కిలోలు పడితే, టైరుకి 1,000 కిలోలు. అంటే టైరు పక్కన లోడ్ ఇండెక్స్ 108 కంటే తక్కువ ఉండకూడదు. కొంచెం జాగా వదిలి ఇంకా పైది కొనాలి. అదే సైజులో ఎస్‌యూవీ కోసం చేసిన టైరు మీద 100 అని ఉంటే దాని మోత 800 కిలోలే. షోకు దిమ్మలు చూసి 108 ఉండాల్సిన చోట 100 వేయించుకున్న బండి ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద ఏమవుతుందో తెలుసుగా.

రెండోది, రకం. నా ఓటు వ్యాన్ల కోసం చేసిన, గట్టి పక్కగోడలున్న ఆల్ టెర్రైన్ టైరుకి. మరీ దిమ్మలవి కాదు, మధ్యలో రబ్బరు దగ్గరగా ఉండి భుజాల దగ్గర మాత్రం తెరిచి ఉండేది. అసలు మట్టి దిగని వాళ్ళకి మామూలు హైవే టైరే మేలు. నాలుగూ ఒకటే రకం. "ముందు ఉన్నవి ఉంచండి సార్, వెనక రెండు మడ్ టైర్లు వేద్దాం" అనే బడ్జెట్ సలహా వినకండి. తడి రోడ్డు మీద వెనక పట్టు ముందుకంటే తక్కువైతే, మలుపులో బండి తోక తిరుగుతుంది. మంచం మంచం లాగే వెనక్కి తిరిగి ముందుకొస్తుంది.

మూడోది, సైజు. కంపెనీ చెప్పిన సైజు దాటకండి. టైరు వ్యాసం 5 శాతం పెరిగితే మీటరులో 100 అన్నప్పుడు మీరు 105 మీద ఉంటారు. ఇంజను లాగుడు తగ్గుతుంది, అంటే బురదలో మీకు కావలసిన బలమే తగ్గుతుంది. తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిలో మార్పులు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. ఇన్సూరెన్సు వాడు ఆ తీర్పు మీకంటే శ్రద్ధగా చదివి ఉంటాడు.

నాలుగోది, వయసు. క్యాంపర్ వ్యాను టైర్లు అరిగి చావవు, ముసలివై చస్తాయి. వారమంతా ఎండలో నిలబడి, నెలకి రెండుసార్లు కదిలే బండి కదా. ట్రెడ్డు చూస్తే కొత్తదే, పక్కగోడలు చూస్తే సన్నటి పగుళ్ళు. పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం అన్నమాట. చట్ట ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు గానీ, వయసుకి ఆ కొలత ఏం చెప్పదు. స్టెప్నీ మీద ముద్ర కూడా చూడండి. పాత వ్యాను కొన్నవాళ్ళు ఆ అంకె చూసి నాకు థాంక్స్ చెప్తారు.

అయిదోది, గాలి. బురదలో పట్టు పెంచే మందు ఇదే, పైసా ఖర్చు లేదు. టైరు మీద 800 కిలోలుండి 50 పీఎస్ఐ కొడితే నేలని తాకే మేర సుమారు 228 చదరపు సెంటీమీటర్లు. 30కి దించితే సుమారు 380. ముతక లెక్కే, పక్కగోడ బిగువు వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా ఏ ట్రెడ్డు మార్చినా రాని లాభం ఇది. దించాక నడక వేగమే, మలుపులు మెల్లగా. తారు తగలగానే మళ్ళీ కొట్టాలి. అందుకే ఒక గాలి మీటరు, పన్నెండు వోల్టుల కంప్రెసరు బండిలో ఉండాలి. ఈ రెండూ లేనివాళ్ళు గాలి దించనే కూడదు, కారణం పైన ఔటర్ లెక్కలో చెప్పా.

ఆరోది, పార. పార, రెండు పట్టీలు (ప్లాస్టిక్ రికవరీ బోర్డులు కాకపోతే చెక్క పలకలు, అవీ లేకపోతే గోనె సంచులు), గట్టి తాడు, బండికి తాడు కట్టే కొక్కెం ఉన్న చోటు ముందే తెలుసుకోవడం. అన్నిటికంటే ముందు, బండి ఆపి దిగి నడవడం. మీ బూటు మడమ దాకా దిగిన చోట మూడు టన్నుల బండి దిగదా? ఇంతా చేసి దిగబడితే ఊళ్ళో ట్రాక్టరు ఉంటుంది. పెద్దాయన్ని మర్యాదగా పిలిచి, అడిగినంత ఇచ్చి, లాగించుకుని రండి. అందులో నామోషీ ఏం లేదు.

ఇక చివరిది, నాకు అన్నిటికంటే మంట పుట్టించేది. ఈ బురద ఎవరిది?

మన నగరం చుట్టూ వ్యాను దించడానికి దొరికే బురద మూడు రకాలు: చెరువు శిఖం, రైతు బండ్ల బాట, అడవి. మూడూ మనవి కావు. శంషాబాద్ పక్కనున్న హిమాయత్‌సాగర్ 1927 నాటిది. దాని ఎగువ ప్రాంతాన్ని కాపాడాలనే 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టారు. ఆ జీవో మీద నడిచిన రాజకీయం అందరికీ తెలుసు, అదలా ఉంచండి. చెరువు అంచున టైర్లతో దున్ని, గిన్నెలు కడిగిన నీళ్ళు అక్కడే వదిలి, ఫోటో పెట్టుకోవడానికి ఏ జీవో అనుమతిచ్చింది?

బండ్ల బాట సంగతి ఇంకా అన్యాయం. వాన పడిన రోజున మీరు చక్రాలు గిర్రున తిప్పి చేసిన రెండు గోతులు మర్నాడు నీళ్ళతో నిండుతాయి. మీరు సోమవారం స్టాండప్ కాల్‌లో ఉంటారు. తెల్లవారుజామున పాల క్యాను కట్టుకుని మోపెడ్ మీద వచ్చే మనిషి ఆ గోతిలో పడతాడు. మడ్ టైరు చేసే అసలు పని ఇదే. వెళ్ళకూడని చోటికి వెళ్ళొచ్చన్న ధైర్యం ఇస్తుంది. మామూలు టైరున్న బండి గట్టు దగ్గరే ఆగిపోయేది, బాట బతికేది.

నీళ్ళ దగ్గర ఆ ధైర్యం ఇంకా చెడ్డది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి, బెంగుళూరు హైవే కోసుకుపోయింది. బళ్ళు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరం. పారే నీటికి టైరు బ్రాండుతో పనిలేదు. బండి కింద నీళ్ళు పట్టు దొరకబుచ్చుకున్నాక మీ దిమ్మలు ఆకాశంలో ఉన్నట్టే.

కాబట్టి మహాశయులారా, "బురదలో ఏ టైరు బాగా పట్టుకుంటుంది?" అనేది తప్పు ప్రశ్న. "నా బండి బరువుకి, నా రోడ్డుకి, వానలో బ్రేకుకి ఏ టైరు? బురద వస్తే ఎప్పుడు ఆగాలి?" అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు టైరు పక్కగోడ మీద అంకెల్లో ఉంది, ధర్మకాంటా చీటీలో ఉంది, గాలి మీటర్లో ఉంది. వెనక అద్దం మీద అంటించిన "ఆఫ్ రోడ్" స్టిక్కర్లో లేదు.

ఇంత చెప్పినా మడ్ టైర్లే కావాలంటారా? మీ ఇష్టం. కనీసం వాన పడుతున్నప్పుడు ఔటర్ మీద ఎడమ పక్కన, మెల్లగా పొండి. నా వాదన తప్పనేవాళ్ళు రండి, తేల్చుకుందాం. కాకపోతే ఒక షరతు: వచ్చేముందు మీ నాలుగు టైర్ల మీద, స్టెప్నీ మీద ఉన్న అంకెలు రాసుకుని రండి. సగం మంది ఆ అంకెలు చూశాక నాతో వాదన మానేసి టైర్ల షాపుకి పోతారని నా పందెం.